కార్లో కౌంటీలోని తక్కువ తెలిసిన తోటలు

ఐర్లండ్ ఆగ్నేయ భాగంలో, లెన్‌స్టర్ ప్రాంతంలో ఉన్న చిన్న వ్యవసాయ కౌంటీ కార్లో. విస్తీర్ణం దాదాపు 897 చదరపు కిలోమీటర్లు. ఐర్లండ్ కౌంటీలలో లౌత్ తరవాత ఇదే అతి చిన్నది. 2022 జనగణన నాటికి ఇక్కడి జనాభా సుమారు 62,000. పశ్చిమాన బారో నది, తూర్పున స్లేనీ నది, దక్షిణాన బ్లాక్‌స్టెయిర్స్ కొండలు, మధ్యలో గోధుమ, బార్లీ పొలాలు, పచ్చిక బీళ్లు, ఇదీ కౌంటీ స్వరూపం. ఇంత తక్కువ నేలలో కోట తోటలు, గోడల మధ్య పెంచిన తోటలు, వృక్షవాటికలు, నదీతీరపు ఊరి తోటలు చాలానే ఉన్నాయి.

విదేశీ యాత్రికుల దారిలో ఇవి సాధారణంగా పడవు. ఐర్లండ్ తోటలు అనగానే విక్లో కౌంటీలోని పవర్స్‌కోర్ట్, కార్క్ తీరంలోని గార్నిష్ ద్వీపం పేర్లు వినిపిస్తాయి. డబ్లిన్ నుంచి వాటర్‌ఫర్డ్ వెళ్లే ఎం9 రహదారి కార్లో పట్టణం పక్కనుంచే సాగినా, ప్రయాణికుల్లో ఎక్కువ మంది కిల్కెన్నీ చేరేదాకా ఆగరు. పైగా ఇక్కడి తోటల్లో చాలావరకు ప్రైవేటు ఇళ్లకు చెందినవి. ఎత్తయిన రాతిగోడల వెనక, రోడ్డుకు దూరంగా ఉంటాయి, ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు. వీటిని వెతకాలంటే ప్రకటనల మీద కన్నా ఈ నేల చరిత్ర మీద, పాత పటాల మీద, ఐరిష్ పన్ను చట్టంలోని ఒక సెక్షన్ మీద ఆధారపడడం మేలు.

నేల, వాతావరణం

కార్లో తోటల్లో ఏది ఎక్కడ పెరుగుతుందన్నది చాలావరకు అడుగున ఉన్న రాయి మీద ఆధారపడుతుంది. కౌంటీ తూర్పు భాగమంతా లెన్‌స్టర్ గ్రానైట్ పరుచుకుని ఉంది. అది శిథిలమై ఏర్పడిన నేలకు ఆమ్ల గుణం ఎక్కువ. రోడోడెండ్రాన్, అజేలియా, కమీలియా వంటి పొదలకు కావలసింది అదే. పశ్చిమాన బారో లోయ కింద సున్నపురాయి ఉంది. అక్కడి నేలలో ఆ పొదల ఆకులు పసుపురంగుకు తిరిగి మొక్క క్షీణిస్తుంది. గులాబీలు, పియోనీలు, పండ్ల చెట్లు మాత్రం అలాంటి నేలను బాగానే ఓర్చుకుంటాయి. అందుకే ఒకే కౌంటీలో అరగంట ప్రయాణ దూరంలో ఉన్న రెండు తోటల్లో పూర్తిగా వేర్వేరు మొక్కలు కనిపించవచ్చు.

వాతావరణం సముద్ర ప్రభావం వల్ల సమశీతోష్ణంగా ఉంటుంది. పల్లపు ప్రాంతాల్లో ఏడాదికి వర్షపాతం దాదాపు 800 మిల్లీమీటర్లు. కొండల వైపు ఇంకా ఎక్కువ. ఐర్లండ్ పశ్చిమ తీరంతో పోలిస్తే ఇది పొడి ప్రాంతమే. వాన ఒక్క రుతువులో కుండపోతగా కాక ఏడాది పొడవునా చినుకులుగా పడుతుంది కాబట్టి పచ్చిక ఎండిపోదు. శీతకాలంలో మంచు గడ్డకట్టే రాత్రులు ఉన్నా తీవ్రమైన చలి అరుదు. కార్లో ఉత్తర అక్షాంశం 52 డిగ్రీలకు పైన ఉండడం వల్ల జూన్‌లో పగలు దాదాపు 17 గంటలు సాగుతుంది. ఆ వెలుగులో పూలమొక్కలు కొన్ని వారాల్లోనే నిలువెత్తు ఎదుగుతాయి.

చరిత్ర

కార్లోలోని పాత తోటలన్నిటి వెనకా భూస్వామ్యం ఉంది. 17వ శతాబ్దంలో ఆంగ్ల ప్రభుత్వం ఐరిష్ భూములను స్వాధీనం చేసుకుని తన విధేయులకు పంచింది. కొత్త యజమానులు కోటలు, బంగళాలు కట్టుకుని, చుట్టూ వందల ఎకరాలను కౌలుకివ్వకుండా సొంత వినియోగానికి ఉంచుకున్నారు. ఈ సొంత భూమిని డిమేన్ అంటారు. తొలిదశలో డిమేన్‌లలో తిన్నని చెట్ల బాటలు, కొలతల ప్రకారం తీర్చిన చేపల చెరువులు, కత్తిరించిన కంచెలు ఉండేవి. 18వ శతాబ్దంలో అభిరుచి మారింది. గీతలు గీసినట్టుండే బాటల స్థానంలో, సహజంగా ఏర్పడ్డాయనిపించే సరస్సులు, చెట్ల గుంపులు, ఎత్తుపల్లాల పచ్చిక వచ్చాయి.

19వ శతాబ్దం గోడల తోటకు స్వర్ణయుగం. పెద్ద ఇంటికి కూరగాయలు, పండ్లు, బల్లల మీద పెట్టే పూలు అన్నీ అక్కడినుంచే రావాలి. రాతిగోడకు లోపలివైపు ఇటుక పేర్చేవారు. ఇటుక పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతుంది. దక్షిణానికి ముఖం తిప్పిన గోడమీద పీచ్, అంజూర, పియర్ కొమ్మలను పరిచి కట్టేవారు. ఇదే కాలంలో హిమాలయాలనుంచి, చైనా నుంచి, అమెరికా నుంచి సేకర్తలు పంపిన విత్తనాలు ఐరిష్ తోటలకు చేరాయి.

ఈ వైభవానికి మరోవైపు 1845-52 మధ్య కరువు ఉంది. బంగాళాదుంప పంట తెగులుకు కుళ్లిపోయి, ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోగా అంతకు తక్కువ కాకుండా వలసపోయారు. కొన్ని డిమేన్‌ల గోడలు, చెరువులు కరువు పనుల కింద కూలీలు చేసినవే. తరవాత వచ్చిన భూచట్టాలు, ముఖ్యంగా 1903 చట్టం, కౌలుదార్లను సొంతదార్లను చేశాయి. కౌలు ఆదాయం పోయాక పెద్ద ఇళ్లను నిలబెట్టుకోవడం కష్టమైంది. 1920ల తొలినాళ్లలో స్వాతంత్ర్య పోరాటం, అంతర్యుద్ధం సాగుతుండగా దేశవ్యాప్తంగా వందల బంగళాలు తగలబడ్డాయి. మరికొన్ని కొనేవారు లేక, పైకప్పులు ఊడదీయడంతో శిథిలమయ్యాయి. మిగిలినవాటిలో కొన్ని ప్రభుత్వానికి, కొన్ని స్థానిక సంస్థలకు దక్కాయి. కొన్ని పాత కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. ఈ రోజు ఒక తోటకు ఎవరు యజమానో తెలిస్తే అది ఎప్పుడు తెరుస్తారో, ఎంత బాగా సంరక్షిస్తారో, ప్రవేశ రుసుము ఉంటుందో లేదో చాలావరకు ఊహించవచ్చు.

ఆల్టమాంట్

బాలన్, టల్లో ఊళ్ల నడుమ ఉన్న ఆల్టమాంట్, కార్లో తోటల్లో కాస్త పేరున్నది. అయినా డబ్లిన్ దాటితే దీని గురించి తెలిసినవారు తోటల అభిమానులే. ఇంటి ముందు కత్తిరించిన బాక్స్ కంచెల మధ్య గులాబీల బాట సరస్సు దాకా దిగుతుంది. దాదాపు రెండున్నర ఎకరాల ఆ సరస్సును కరువు పనుల కింద వంద మంది రెండేళ్లపాటు తవ్వారన్నది స్థానికంగా చెప్పుకునే మాట. సరస్సు దాటాక తోట మెల్లగా అడవిగా మారుతుంది. మంచుయుగపు లోయగా పిలిచే రాళ్ల దారిలో పాత ఓక్ చెట్లు, నాచు, ఫెర్న్‌లు ఉంటాయి. అక్కడినుంచి స్లేనీ నదీతీరానికి, మళ్లీ చేత్తో చెక్కిన గ్రానైట్ మెట్ల మీదుగా పైకి దారి సాగుతుంది. ఆ మెట్లను వంద మెట్లు అని పిలుస్తారు.

నేటి తోటకు రూపం ఇచ్చినది లెకీ వాట్సన్ కుటుంబం. సిలోన్‌లో తేయాకు తోటలు నడిపి తిరిగివచ్చిన ఫీల్డింగ్ లెకీ వాట్సన్ 1920ల్లో ఈ ఎస్టేటును సొంతం చేసుకున్నాడు. హిమాలయ ప్రాంతాలకు వెళ్లే మొక్కల అన్వేషకుల యాత్రలకు చందాలు కట్టి, ప్రతిఫలంగా వచ్చిన విత్తనాలతో రోడోడెండ్రాన్లు పెంచాడు. తనకు నచ్చిన ఒక రోడోడెండ్రాన్ రకం పేరునే కూతురికి పెట్టుకున్నాడు. ఆ కూతురు కరోనా నార్త్. తండ్రి తరవాత దశాబ్దాలపాటు తోటను ఆమే పోషించింది. 1999లో మరణిస్తూ ఆల్టమాంట్‌ను ఐరిష్ ప్రజల పరం చేసింది. ప్రభుత్వ పనుల కార్యాలయం ఇప్పుడు దీన్ని నిర్వహిస్తోంది. ప్రవేశం ఉచితం.

ఫిబ్రవరిలో ఇక్కడ స్నోడ్రాప్‌లు పూస్తాయి. వందకు పైగా రకాలున్న ఆ చిన్న తెల్లపూలకు ప్రత్యేకించి ఏటా ఒక వారోత్సవం జరుగుతుంది. దూరంనుంచి చూస్తే అన్నీ ఒకటే అనిపించినా, లోపలి రేకుల మీద ఆకుపచ్చ మచ్చ ఆకారాన్నిబట్టి అభిమానులు రకాలను గుర్తుపడతారు. గోడల తోటలో ఎదురెదురుగా వేసిన రెండు పొడవాటి పూలమడులు జూన్ నుంచి ఆగస్టు దాకా నిండుగా ఉంటాయి. అక్కడి నర్సరీలో మొక్కలు కొనుక్కోవచ్చు.

హంటింగ్టన్ కోట

కౌంటీ తూర్పు సరిహద్దున క్లోనెగాల్ అనే చిన్న ఊరు ఉంది. డబ్లిన్ శివారులోని మార్లే పార్కులో మొదలయ్యే విక్లో వే నడకదారి ఇక్కడే ముగుస్తుంది. ఊరికి ఆనుకుని హంటింగ్టన్ కోట. 1625లో లారెన్స్ ఎస్మండ్ కట్టించినది. ఆయన వంశానికి చెందిన డర్డిన్-రాబర్ట్‌సన్ కుటుంబం ఇప్పటికీ ఇందులో నివసిస్తోంది.

తోటలో 17వ శతాబ్దపు పద్ధతి ఇంకా నిలిచి ఉంది. వరసలుగా నాటిన లిండెన్ చెట్ల బాట, చేపల చెరువులు, ఇటాలియన్ తరహా పూలమడులు దానికి సాక్ష్యం. అన్నిటికన్నా పాతది యూ చెట్ల నడక. ఈ చెట్ల వయసు 500 ఏళ్లకు పైనే అంటారు. రెండువైపులా చెట్లు వంగి పైన కలుసుకోవడంతో మధ్యాహ్నం కూడా కింద చీకటిగా ఉంటుంది. 19వ శతాబ్ది చివర్లోనే, 1888 నాటికి, నీటి టర్బైన్‌తో కోటకు కరెంటు తెచ్చుకున్నారు. ఐర్లండ్‌లో ఇలాంటి తొలి ఏర్పాట్లలో ఇదొకటి.

కోట నేలమాళిగలో ఈజిప్టు దేవత ఐసిస్‌కు ఆలయం ఉంది. 1976లో ఈ కుటుంబ సభ్యులే ఫెలోషిప్ ఆఫ్ ఐసిస్ అనే ఆధ్యాత్మిక సంఘాన్ని స్థాపించారు. స్టాన్లీ కూబ్రిక్ 1975 నాటి చిత్రం బ్యారీ లిండన్‌లోని కొన్ని దృశ్యాలు కూడా ఇక్కడ తీసినవే. ఇన్ని విశేషాలున్నా, వారాంతాలు తప్పిస్తే తోట చాలావరకు ఖాళీగానే ఉంటుంది.

డకెట్స్ గ్రోవ్

కార్లో పట్టణానికి ఈశాన్యంగా ఉన్న డకెట్స్ గ్రోవ్ ఒకప్పుడు వేల ఎకరాల ఎస్టేటుకు కేంద్రం. 1830 ప్రాంతంలో థామస్ కాబ్డెన్ అనే వాస్తుశిల్పి పాత ఇంటికి గోతిక్ బురుజులు, శిల్పాలు చేర్చి కోట రూపం తెచ్చాడు. డకెట్ కుటుంబం వెళ్లిపోయాక, 1933లో జరిగిన అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయి గోడలు మాత్రం మిగిలాయి. కార్లో కౌంటీ కౌన్సిల్ 2005లో దీన్ని కొని, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు గోడల తోటలను పునరుద్ధరించింది. పై తోటలో పాతకాలపు గులాబీ పొదలు, చైనా, జపాన్ పియోనీలు ఉన్నాయి. ఒకప్పటి పండ్లతోట స్థానంలో ఉన్న రెండోదానిలో మళ్లీ పండ్ల చెట్లు వేశారు.

గోడల తోట ఎలా పనిచేసేదో అర్థం చేసుకోవడానికి కౌంటీలో ఇంతకన్నా అనువైన చోటు లేదు. పక్కనే శిథిల భవనం ఉండడంవల్ల ఇల్లు, తోట, పశువులశాలల మధ్య దూరాలు, దారులు, ఎవరు ఎటునుంచి వచ్చేవారో కళ్లకు కడుతుంది. తోటను ఇంటికి కనబడనంత దూరంలో, బండ్లు వచ్చేంత దగ్గరలో కట్టడం ఆనాటి నియమం.

బోరిస్, లిస్నవా

దక్షిణ కార్లోలోని బోరిస్ హౌస్, లెన్‌స్టర్‌ను ఏలిన రాజుల వారసులైన మాక్‌మరో కావనా కుటుంబానికి చెందినది. 19వ శతాబ్ది మధ్యలో ఈ ఇంటి మహిళల చొరవతో ఊళ్లోని స్త్రీలకు ఉపాధిగా లేసు అల్లిక మొదలైంది. బోరిస్ లేసు పేరుతో అది ప్రసిద్ధి పొందింది. ఆ పనికి జ్ఞాపకంగా ఇంటి దగ్గర లేసు తోటను ఏర్పాటు చేశారు.

ఈ కుటుంబానికి దక్కనుతో ఒక సంబంధం ఉంది. చేతులు, కాళ్లు పూర్తిగా ఎదగకుండా పుట్టిన ఆర్థర్ మాక్‌మరో కావనా (1831-1889) చిన్నతనంలోనే గుర్రపు స్వారీ నేర్చుకున్నాడు. రష్యా, పర్షియాల మీదుగా భారతదేశం చేరి, 1850ల ఆరంభంలో చేతిలో డబ్బు అయిపోతే ఔరంగాబాద్ ప్రాంతంలో గుర్రం మీద ఉత్తరాలు చేరవేసే ఉద్యోగం చేశాడు. ఔరంగాబాద్ అప్పట్లో నిజాం రాజ్యంలోనిది. తిరిగివచ్చి ఎస్టేటు బాధ్యతలు తీసుకుని, తరవాత బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఉత్తరాన రాత్‌విల్లీ దగ్గరి లిస్నవా మరో రకం కథ. 1840ల చివర్లో దీనికి రూపకల్పన చేసిన డేనియల్ రాబర్ట్‌సన్, పవర్స్‌కోర్ట్ మెట్ల తోటలతో పేరు పొందినవాడు. 1950ల్లో నిర్వహణ భారం తగ్గించుకోవడానికి కుటుంబం ఇంటిలో పెద్ద భాగాన్ని కూల్చేసింది. పవర్స్‌కోర్ట్‌కు లక్షల మంది వస్తుంటే, అదే చేతి పని ఉన్న లిస్నవా పేరు కౌంటీ బయట పెద్దగా వినబడదు. బోరిస్, లిస్నవా రెండూ నివాస గృహాలు, పెళ్లిళ్ల వేదికలు కూడా. అందువల్ల ముందుగా ఏర్పాటు చేసుకోకుండా వెళితే తలుపులు తెరుచుకోవు.

చిన్న తోటలు

టల్లో దగ్గరి హార్డీమౌంట్ రెండెకరాలకు పైగా ఉన్న ఇంటితోట. ఇంటి ముందు ఐర్లండ్‌లోని అతిపెద్ద స్పానిష్ చెస్ట్‌నట్ చెట్లలో ఒకటి ఉంది. ఇంటి వెనక గోడల మధ్య పూలమడులు, కూరగాయలు కలిసి పెరుగుతాయి. ఇలాంటి చోట యజమానే తోటమాలి కాబట్టి ఏ మొక్క ఎక్కడనుంచి వచ్చిందో, ఏది నాటి విఫలమయ్యారో నేరుగా అడిగి తెలుసుకోవచ్చు.

కార్లో పట్టణంలో, ఫ్యాక్టరీ షెడ్ల మధ్య, ఎవరూ ఊహించని చోట డెల్టా సెన్సరీ గార్డెన్స్ ఉన్నాయి. మేధో వైకల్యం ఉన్న పెద్దలకోసం పనిచేసే డెల్టా సెంటర్ వీటిని నడుపుతోంది. రెండున్నర ఎకరాల్లో ఒకదానిలోంచి ఒకదానిలోకి దారితీసే చిన్న తోటలను వేర్వేరు రూపకర్తలు తీర్చారు. తాకడానికి, వాసన చూడడానికి, నీటి చప్పుడు వినడానికి వీలుగా మొక్కలను, రాళ్లను ఎంచారు. నీటి ఒత్తిడి మీద తేలుతూ వేలితో నెడితే తిరిగే బరువైన రాతిగోళం పిల్లలకు పెద్ద ఆకర్షణ. దారులు చదునుగా ఉండడంతో చక్రాల కుర్చీలో తిరగడం తేలిక.

బారో ఒడ్డున లోక్లిన్‌బ్రిడ్జ్ ఊరు తన తోటను తానే పెంచుకుంది. ఐర్లండ్‌లో 1958నుంచి ఏటా జరుగుతున్న టైడీ టౌన్స్ పోటీ ఊరూరా స్వచ్ఛంద తోటపనికి ఊతం ఇచ్చింది. ఇక్కడి నదీతీరపు తోటలు ఆ సంస్కృతిలోంచి వచ్చినవే. వేడిని వాయువులు ఎలా పీల్చుకుంటాయో ప్రయోగాలతో చూపిన భౌతికశాస్త్రవేత్త జాన్ టిండల్ 1820లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఊరికి దగ్గరలోని ఆర్బొరీటమ్ పెద్ద మొక్కల దుకాణం. అక్కడ నమూనా తోటలు కూడా ఉన్నాయి.

పట్టణానికి ఉత్తరాన ఓక్ పార్క్ పాత బ్రూయిన్ కుటుంబపు డిమేన్. ఇందులో 120 ఎకరాలు ఇప్పుడు ప్రజలకు తెరిచిన అటవీ ఉద్యానం. సరస్సు చుట్టూ నడకదారులున్నాయి. మిగతా భాగంలో వ్యవసాయ పరిశోధన సంస్థ టీగాస్క్ పనిచేస్తోంది. ఐర్లండ్‌లో ఎక్కువగా తినే ఎర్రతొక్క బంగాళాదుంప రకం రూస్టర్‌ను అభివృద్ధి చేసింది ఇక్కడే.

సరిహద్దు దాటితే

తోటలకు కౌంటీ సరిహద్దులు పట్టవు. స్థానిక పర్యాటక సంస్థ తయారుచేసే కార్లో గార్డెన్ ట్రైల్‌లోనూ పొరుగు కౌంటీల తోటలు కొన్ని ఉన్నాయి. కిల్డేర్ కౌంటీలో అథై దగ్గరి బర్టన్ హౌస్, 18వ శతాబ్ది తొలినాళ్ల క్వేకర్ల ఇల్లు. 1983 నాటి ఐరిష్ ఫ్లోరిలీజియం గ్రంథానికి చిత్రాలు వేసిన వృక్షచిత్రకారిణి వెండీ వాల్ష్ నివసించిన చోటు ఇదే. కిల్కెన్నీ కౌంటీ అంచున పాల్స్‌టౌన్‌లో శాంకిల్ కోట, విక్లో కౌంటీలో కిల్టీగన్ గ్రామంలో పట్ఠనా అనే చిన్న తోట, వెక్స్‌ఫర్డ్ కౌంటీలో బన్‌క్లోడీ ఊరిలో న్యూటౌన్‌బారీ హౌస్ ఉన్నాయి. పశ్చిమాన లీష్ కౌంటీలోని బాలీకిల్‌కావన్ ఎస్టేటులో యువకుడిగా విలియం రాబిన్సన్ తోటపని చేశాడు. 1870లో ద వైల్డ్ గార్డెన్ రాసి, కత్తిరించిన తోటల స్థానంలో సహజ శైలిని ప్రచారం చేసింది ఆయనే. ఆల్టమాంట్ అడవిబాటల్లో ఆ ప్రభావం కనిపిస్తుంది.

గుర్తించే మార్గాలు

గార్డెన్ ట్రైల్ పత్రం మొదటి మెట్టు. దానిలో లేని తోటలకోసం వేరే దారులున్నాయి.

అన్నిటికన్నా ఉపయోగపడేది, తక్కువ మందికి తెలిసినది పన్ను జాబితా. 1997 నాటి పన్నుల ఏకీకరణ చట్టంలోని సెక్షన్ 482 ప్రకారం, విశేష ప్రాముఖ్యం ఉన్న ఇళ్లకు, తోటలకు చేసే మరమ్మతుల ఖర్చుమీద యజమానులకు పన్ను రాయితీ దొరుకుతుంది. బదులుగా ఏడాదికి కనీసం 60 రోజులు ప్రజలను లోపలికి రానివ్వాలి. వాటిలో కనీసం 40 రోజులు మే 1 నుంచి సెప్టెంబరు 30 లోపు ఉండాలి. ఆగస్టులో జరిగే జాతీయ వారసత్వ వారం రోజులన్నీ వాటిలో కలవాలి. రెవెన్యూ శాఖ ఏటా ప్రకటించే జాబితాలో కౌంటీల వారీగా ఇంటి పేరు, తెరిచే తేదీలు, ప్రవేశ రుసుము ఉంటాయి. ఎలాంటి ప్రచారం చేసుకోని తోటలు కూడా ఈ జాబితాలో దొరుకుతాయి.

రెండోది పాత పటాలు. 19వ శతాబ్ది తొలి సగంలో ఆర్డ్‌నెన్స్ సర్వే శాఖ ఐర్లండ్ మొత్తాన్ని మైలుకు ఆరంగుళాల కొలతతో చిత్రించింది. ఈ పటాల్లో డిమేన్ భూములను చుక్కల నీడతో వేరుగా చూపారు. గోడల తోట చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో స్పష్టంగా కనిపిస్తుంది. శతాబ్ది చివర్లో మొదలైన ఇరవై అయిదు అంగుళాల పటాల్లో గాజుగదులు కూడా ఉన్నాయి. ఈ పాత పటాన్ని నేటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూస్తే ఏ తోట బతికుందో, ఏది పొలంగా మారిందో తేలుతుంది. జాతీయ వాస్తు వారసత్వ సర్వే సంస్థ తోటల సర్వేను ఇదే పద్ధతిలో చేసింది.

మూడోది రోడ్డు మీద కంటికి కనబడే ఆనవాళ్లు. పొలాల మధ్య అకస్మాత్తుగా మొదలయ్యే ఎత్తయిన రాతిగోడ, దాని చివర చిన్న కాపలా ఇల్లు, వరసగా పెరిగిన బీచ్ చెట్లు పాత డిమేన్‌కు గుర్తులు. ఆకాశంలోకి పొడుచుకువచ్చిన వెల్లింగ్‌టోనియా, మంకీ పజిల్ చెట్లు ఐర్లండ్ అడవిలో వాటంతట అవి మొలవవు. వెల్లింగ్‌టోనియా కాలిఫోర్నియానుంచి 1853లో బ్రిటన్‌కు వచ్చింది. అది కనిపించిందంటే 19వ శతాబ్దంలో అక్కడ డబ్బు, అభిరుచి ఉన్న తోటమాలి ఉన్నాడని అర్థం. అయితే గుర్తు కనిపించినంత మాత్రాన లోపలికి వెళ్లే హక్కు రాదు. అనుమతి అడగాలి.

నాలుగోది మనుషులు. నర్సరీలో మొక్కలు అమ్మేవారికి, చర్చి ఆవరణలో మొక్కల విక్రయాలు జరిపేవారికి, స్థానిక ఉద్యానసంఘాల సభ్యులకు చుట్టుపక్కల ఎవరి తోట ఎప్పుడు తెరుస్తారో తెలుస్తుంది. ధర్మకార్యాల కోసం ఒక్క ఆదివారం మాత్రమే తెరిచే ఇంటితోటల సమాచారం పారిష్ పత్రికలో, దుకాణం అద్దానికి అంటించిన కాగితం మీద ఉంటుంది. జూలై చివర్లో జరిగే కార్లో గార్డెన్ ఫెస్టివల్ రోజుల్లో పలు తోటల్లో ప్రసంగాలు, నడకలు ఉంటాయి. మామూలుగా మూసి ఉండే చోట్లు చూడడానికి అది అనువైన సమయం.

సందర్శన

ఫిబ్రవరిలో స్నోడ్రాప్‌లు, ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్లు, అడవిలో బ్లూబెల్‌లు, జూన్‌లో గులాబీలు, పియోనీలు, జూలై, ఆగస్టుల్లో పూలమడులు, అక్టోబరులో ఆకుల రంగులు చూడవచ్చు. మార్చి, నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రైవేటు తోటలు చాలావరకు మూసి ఉంటాయి.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌నుంచి కార్లోకు రైలులో సుమారు గంటంబావు పడుతుంది. పట్టణంలోని డెల్టా తోటలు, ఓక్ పార్క్ తప్ప మిగతావాటికి బస్సులు తక్కువ. కారు గానీ సైకిలు గానీ ఉంటేనే తిరగడం సాధ్యం. సందులు ఇరుకు, రెండు వైపులా కంచెలు. ట్రాక్టరు ఎదురైతే వెనక్కి వెళ్లి దారి ఇవ్వాలి. బారో నది వెంట సాగే నడకదారి లోక్లిన్‌బ్రిడ్జ్, బోరిస్ పరిసరాలను కలుపుతుంది. జల్లు ఎప్పుడైనా పడవచ్చు కాబట్టి వానకోటు, బురదకు ఓర్చే బూట్లు తప్పనిసరి. ప్రైవేటు తోటకు ముందు ఫోన్ చేయడం మర్యాద. జాబితాలోని తేదీలు మారే వీలుంది.

మొక్కలు, విత్తనాలు కొని భారతదేశానికి తీసుకువెళ్లాలనుకునేవారు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వును గుర్తుంచుకోవాలి. దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలో వాటిని ఆపేస్తారు. ఐర్లండ్‌లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ చిక్కు లేదు. అయితే కార్లో గ్రానైట్ నేలలో చూసి ముచ్చటపడి కొన్న రోడోడెండ్రాన్‌ను సున్నపు నేల ఉన్న పెరట్లో నాటితే బతకదు.

సంరక్షణ

ఈ తోటలను బెదిరిస్తున్నవి మూడు. మొదటిది తెగుళ్లు. 2012లో ఐర్లండ్‌లో మొదటిసారి కనిపించిన యాష్ చెట్ల ఎండుతెగులు కంచెల్లో, బాటల పక్కన ఉన్న యాష్‌లను చంపుతోంది. పడిపోయే ప్రమాదం ఉన్న చెట్టు దగ్గర దారి మూసేయక తప్పదు. బాక్స్ కంచెలకు వచ్చే బూజు తెగులు వల్ల 17వ శతాబ్దపు నమూనాలో ఉన్న తోటల అంచులు చెదిరిపోతున్నాయి. రెండోది తోటల్లోంచే తప్పించుకున్న మొక్కలు. అలంకారానికి తెచ్చిన రోడోడెండ్రాన్ పాంటికమ్ ఐరిష్ ఓక్ అడవుల్లోకి పాకి, నీడతో కింది మొలకలను అణచేస్తోంది. హిమాలయ జాతులను ప్రేమగా పెంచే తోటమాలులే ఈ ఒక్క జాతిని వేళ్లతో సహా పీకించాల్సి వస్తోంది.

మూడోది వారసత్వం. గోడల తోటకు ఒకప్పుడు పదిమంది తోటమాలులు ఉండేవారు. ఇప్పుడు ఒకరిద్దరితోనో, యజమాని ఒంటరి శ్రమతోనో నడుస్తోంది. ఆ వ్యక్తి వయసు మీరితే రెండు మూడు వేసవుల్లోనే కలుపు గెలుస్తుంది. కరోనా నార్త్ ఆల్టమాంట్‌ను ప్రభుత్వానికి ఇవ్వడం దీనికి ఒక పరిష్కారం. ఆఫలీ కౌంటీలో తోట రూపకర్త ఆంజెలా జూప్ తన బెల్‌ఫీల్డ్ తోటను 2021లో ఐర్లండ్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి వదిలివెళ్లడం ఇంకొకటి. డకెట్స్ గ్రోవ్‌ను కౌంటీ కౌన్సిల్ కొనడం మూడోది. ఈ మూడింటిలో ఏదీ దొరకని తోటకు సెక్షన్ 482 రాయితీ, టికెట్టు డబ్బు, మొక్కల అమ్మకం, టీ గది ఆదాయం ఆధారం. కార్లోలో పేరు వినబడని తోటల్లో ఎక్కువ భాగం ఈ నాలుగో కోవకే చెందుతాయి. వాటికి వచ్చే ప్రతి సందర్శకుడి టికెట్టూ వచ్చే ఏడాది కూలికి, ఎరువుకు, కూలిన గోడ మరమ్మతుకు వెళుతుంది.